అతని ముఖం అతనిది కాలేదు

అమ్మానాన్నలు విడాకులు తీసుకున్న సంగతి అమెరికన్ గాయకుడు, నటుడు డేవిడ్ కాసిడీకి చిన్నప్పుడు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. న్యూజెర్సీ రాష్ట్రం వెస్ట్ ఆరెంజ్‌లో ఆడుకుంటుంటే వీధి పిల్లలు చెప్పారు. అప్పటికి అది జరిగి రెండేళ్లు దాటింది. తండ్రి జాక్ కాసిడీ, తల్లి ఈవ్లిన్ వార్డ్ ఇద్దరూ నటులే. నాటకాల పని మీద ఊళ్లు తిరిగే మనుషులు కనక, నాన్న ఇంటికి రాకపోవడం ఆ ఐదారేళ్ల పిల్లాడికి వింతగా తోచలేదు. 1956లో జాక్ మరో నటి షర్లీ జోన్స్‌ను పెళ్లాడాడు. పెద్దయ్యాక డేవిడ్ రాసుకున్న మాటల్లోనూ ఇచ్చిన ఇంటర్వ్యూల్లోనూ తండ్రి ప్రస్తావన రాకుండా ఉండదు. అతని కథను కీర్తి దగ్గర మొదలుపెట్టేవాళ్లు చాలామంది. నేను ఆ వీధిలోనే మొదలుపెడతాను.

1970 సెప్టెంబర్ 25న అమెరికాలో ఏబీసీ చానల్లో 'ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ' సీరియల్ మొదలైంది. భర్త పోయిన ఒక తల్లి, ఐదుగురు పిల్లలు కలిసి పాటల బృందం కట్టి, రంగులేసిన పాత స్కూలు బస్సులో ఊరూరా తిరగడం కథ. తల్లి పాత్రకు షర్లీ జోన్స్‌ను తీసుకున్నారు. పెద్దకొడుకు కీత్ పాత్ర కోసం వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు ఆమెకు సవతి కొడుకు. ఎంపిక దాకా ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నాన్నను తీసుకెళ్లిన ఇంటి ఇల్లాలు తెరమీద అతనికి అమ్మ అయింది. వాళ్లిద్దరి మధ్య ఆప్యాయత నిజంగానే కుదిరింది, చివరిదాకా నిలిచింది. అతని జీవితంలో దొరికిన కొద్దిపాటి అదృష్టాల్లో అదొకటి.

ఆ బృందంలో నిజంగా పాడింది షర్లీ, డేవిడ్ మాత్రమే. తక్కిన గొంతులు స్టూడియో గాయకులవి, వాయిద్యాలు లాస్ ఏంజెలెస్ స్టూడియో కళాకారులవి. నేపథ్య గానానికి అలవాటుపడ్డ మనకు ఇందులో వింతేమీ లేదు. నిజానికి డేవిడ్‌ను కూడా పెదాలు కదిపితే చాలన్నట్టుగానే తీసుకున్నారు. తానూ పాడగలనని నిర్మాత వెస్ ఫారెల్‌ను అతనే ఒప్పించాడు. 'ఐ థింక్ ఐ లవ్ యూ' పాట 1970 నవంబర్ 21 నాటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు అక్కడే ఉంది. నలభై ఏడేళ్ల తర్వాత అదే తేదీన అతను కన్నుమూశాడు. ఈ రెండు తేదీలు కలవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

మొదట్లో అతని జీతం వారానికి 600 డాలర్లు. అతని ముఖం మాత్రం లంచ్ బాక్సుల మీద, కామిక్ పుస్తకాల మీద, బబుల్‌గమ్ కార్డుల మీద దేశమంతా అమ్ముడైంది. అతని వ్యవహారాలు చూసే రూత్ ఆరన్స్ అనే ఆవిడ 1936లో టేబుల్ టెన్నిస్ ప్రపంచ విజేత. ఒప్పందం మీద సంతకం పెట్టేనాటికి డేవిడ్‌కు 19 ఏళ్లేనని, అప్పటి చట్టం లెక్కలో మైనరని ఆమె పట్టుకుంది. ఆ కాగితం చెల్లకపోవడంతో సీరియల్ తీసే కంపెనీ మళ్లీ బేరానికి దిగింది, జీతం పెరిగింది. అయినా ఆ సరుకుల మీద తనకు ముట్టింది ఐదు వేల డాలర్లేనని అతను తర్వాత చెప్పాడు. తన వాటా కోసం 2011లో, అరవై దాటాక, కోర్టుకెక్కాడు.

వారమంతా షూటింగు, రాత్రుళ్లు రికార్డింగు, శని ఆదివారాల్లో కచేరీలు. అతను ఆరాధించింది జిమీ హెండ్రిక్స్‌ను, బి.బి. కింగ్‌ను. పాడవలసి వచ్చింది మాత్రం పన్నెండేళ్ల ఆడపిల్లలు దిండు కింద దాచుకునే ప్రేమపాటలు. 1972 మార్చిలో అతని కచేరీకి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నిండిపోయింది. ఆ మే నెల రోలింగ్ స్టోన్ పత్రికలో యానీ లీబోవిట్జ్ తీసిన, ఒంటిమీద బట్ట లేని అతని ఫోటో వచ్చింది. దాన్ని దుడుకుతనమన్నవాళ్లున్నారు. నాకు అందులో కీత్ చొక్కా విప్పేయాలన్న తపన కనబడుతుంది. ఆ చొక్కా ఊడలేదు.

బ్రిటన్‌లో మోజు ఇంకా ఎక్కువ. అక్కడ సీరియల్ పేరుతో పని లేకుండా, సొంత పేరు మీద వచ్చిన 'హౌ కెన్ ఐ బి ష్యూర్' 1972లోనూ, 'డేడ్రీమర్' 1973లోనూ మొదటి స్థానం అందుకున్నాయి. ఇక తిరగలేనని, ఇదే ఆఖరి పర్యటన అని ప్రకటించి 1974 మే 26న లండన్ వైట్ సిటీ స్టేడియంలో పాడాడు. వేదిక వైపు జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. వందల మంది పిల్లలు నలిగి గాయపడ్డారు. 14 ఏళ్ల అమ్మాయి ఊపిరాడక పడిపోయి, నాలుగు రోజులకు ఆసుపత్రిలో ప్రాణం విడిచింది. తాను వెళ్తే అంత్యక్రియలు కూడా జాతరగా మారతాయని డేవిడ్ దూరంగా ఉండిపోయాడు. ఆ బిడ్డ మరణం జీవితాంతం తనను వెంటాడిందని చెప్పేవాడు. సీరియల్ అప్పటికే మార్చిలో 96 భాగాలతో ముగిసింది. అతనికి 24 ఏళ్లు.

కొడుకు పేరు తన పేరును మించిపోవడం జాక్‌కు మింగుడుపడలేదు. మంచి నటుడు, మంచి గాయకుడు, తాగుడు మనిషి. 1976 డిసెంబర్ 12న వెస్ట్ హాలీవుడ్‌లోని తన ఫ్లాట్‌లో ఆరని సిగరెట్ నుంచి అంటుకున్న మంటల్లో చనిపోయాడు. వీలునామాలో డేవిడ్‌కు ఏమీ దక్కకుండా రాసి వెళ్లాడు. మరుసటి ఏడాదే సవతి తమ్ముడు షాన్ కాసిడీ, అన్నలాగే టీవీ సీరియల్లో నటిస్తూ, 'డా డూ రాన్ రాన్' పాటతో అమెరికా పట్టికలో మొదటి స్థానానికి వచ్చాడు. అప్పటికి అన్నకు చేతిలో పని పలచబడింది.

పనితనం లేక కాదు. 1978లో 'పోలీస్ స్టోరీ'లో నటనకు ఎమ్మీ నామినేషన్ వచ్చింది. దాన్ని నమ్ముకుని తీసిన సీరియల్ పది భాగాలకే ఆగింది. 1985లో 'ది లాస్ట్ కిస్' బ్రిటన్‌లో మళ్లీ పైకొచ్చింది. అన్నిటికంటే నా మనసు ఆగేది 1993 దగ్గర. పుట్టగానే విడిపోయి, అన్నదమ్ములమని తెలియకుండానే పెరిగే కవలల కథ 'బ్లడ్ బ్రదర్స్'. బ్రాడ్‌వే నాటకరంగంలో ఆ కవలలుగా డేవిడ్, షాన్ వేషం కట్టారు. తల్లి పాత్ర పెటులా క్లార్క్‌ది. తండ్రి ఏలిన బ్రాడ్‌వే మీద ఆయన ఇద్దరు కొడుకులు పక్కపక్కన నిలబడ్డారు. కీత్ నీడ అతని మీద పడని రోజులు ఏవైనా ఉంటే అవేనని నా నమ్మకం. చూడటానికి జాక్ లేడు.

ఆ తర్వాతిది త్వరగా చెప్పేస్తాను, నెమ్మదిగా చెప్పడం కష్టం. వీలునామాలో రాయకపోయినా తండ్రి నుంచి తాగుడు అతనికి వచ్చింది. 2010 నుంచి 2014 లోపు ఫ్లోరిడాలో, న్యూయార్క్ రాష్ట్రంలో, కాలిఫోర్నియాలో తాగి కారు నడిపిన కేసులు. మళ్లీ తాగితే చచ్చిపోతానని 2014లో టీవీలో తనే చెప్పాడు. సంసారం విడాకులకు వెళ్లింది. 2015లో దివాలా పిటిషన్ వేశాడు, ఫోర్ట్ లాడర్‌డేల్ ఇల్లు వేలానికి పోయింది. 2017 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అగోరా హిల్స్‌లో, దాదాపు యాభై ఏళ్లుగా పాడుతున్న పాటల్లో మాటలు మరిచిపోయి, వేదిక మీద తూలి పడ్డాడు. తల్లికీ తాతకూ వచ్చిన మతిమరపు జబ్బే తనకూ వచ్చిందని ప్రకటించాడు. ఆ నవంబర్‌లో కాలేయం పనిచేయక, 67వ ఏట పోయాడు. తనది మతిమరపు జబ్బు కాదని, తాగుడేనని, ఆ సంగతి దాచానని ఒక డాక్యుమెంటరీ బృందంతో ఒప్పుకున్నట్టు మరుసటి ఏడాది బయటపడింది. అబద్ధమాడాడని కోప్పడినవాళ్లున్నారు. నాకు కోపం రాలేదు. జబ్బుకు జాలి దొరుకుతుంది, తాగుడుకు దొరకదని అతనికి తెలుసు.

తండ్రి తనకు చేసినదే అతనూ చేశాడు. కూతురు, నటి కేటీ కాసిడీకి తన ఆస్తిలో వాటా లేదని వీలునామాలో రాయించాడు. చిన్నప్పుడు ఆమె అతని దగ్గర పెరగలేదు కూడా. ఎంత కాలం వృథా అయిందో అన్నదే నాన్న చివరి మాట అని లోకానికి తెలియజేసింది ఆ కూతురే. ఫిర్యాదుగా చెప్పలేదు. ప్రేమించినవాళ్లతో ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోనని చెప్పుకుంది.

అతను పోయినప్పుడు చాలా పత్రికలు కీత్ పార్ట్రిడ్జ్ ఇక లేడన్నట్టుగానే రాశాయి, పాత సీరియల్ ఫోటోలే వేశాయి. ఆ సీరియల్ చూడని తెలుగు పాఠకులకు ఒక వీలుంది. మీకు కీత్ తెలియదు. వీలు దొరికితే 'డేడ్రీమర్' వినండి, రికార్డు మీద డేవిడ్ కాసిడీ అనే పేరుంటుంది.