కథ విన్నంత మాత్రాన అక్షరం వస్తుందా?

అనకాపల్లిలో కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర మొదలవుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మవార్ల పండుగలంటే జముకుల కథ ఉండాల్సిందే. కథకుడు గజ్జెల కాళ్లతో అడుగులేస్తూ కథ ఎత్తుకుంటే, పక్కవాడు జముకు తీగ మీటుతూ వంత పాడతాడు. ఇలా వినే అలవాటే చదువుకు తొలిమెట్టు అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. నిజమే అయితే, తరతరాలుగా పురాణాలూ హరికథలూ విన్న ఊళ్లు నిరక్షరాస్యంగా ఎందుకు మిగిలాయి? 1911 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవగలిగినవారు నూటికి ఆరుగురే. ఈ ఆక్షేపణను కొట్టిపారేయలేం. కులం, ఆడపిల్లల చదువుపై ఆంక్షలు, బడులు లేకపోవడం ఆ నిరక్షరాస్యతకు కారణాలు. వాటితోపాటు, తాళపత్రమైనా అచ్చుపుస్తకమైనా చదివేవారి చేతిలోనే ఉండిపోయింది. వినేవారి వంతు ఎన్నడూ రాలేదు.

ఆ వంతు రావాలంటే ముందు పుస్తకం వినేవారి భాషలో ఉండాలి. ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు పట్టుబట్టింది దీనికోసమే. 1910లో ఆయన వాడుక భాషలో రాసిన ‘దిద్దుబాటు’లో భర్తను దారికి తెచ్చేది చదువుకున్న భార్య రాసిన ఉత్తరం. గ్రాంథికాన్ని కాదంటూ 1914లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. అదే ఏడు విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలను ఊళ్లకు పంపారు. భాష దగ్గరైంది, పుస్తకం రేవుకొచ్చింది.

ఈ రెండూ కుదిరితే ఏమవుతుందో 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా చూపించింది. అక్షరాస్యత ఉద్యమపు వాచకంలో సారా కష్టాల మీద ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు దాన్ని చదివారు, చర్చించారు. దూబగుంటలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఒక్క పాఠానికే అంత శక్తి ఉందా అని అడగవచ్చు. లేదు. తాగుడుకు పోయే కూలిడబ్బూ, ఇంట్లో తన్నులూ ఆడవాళ్లలో కోపాన్ని ఎప్పటినుంచో రాజేస్తున్నాయి. గడప దాటని ఆ దుఃఖాన్ని నలుగురిలో పైకి అనుకునే వీలు కథ కల్పించింది. మనసు తేలికపడటం, తెగువ రావడం అక్కడ కలిసే జరిగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది.

ఇక పిల్లల విషయానికొస్తే, కథలు చదివి వినిపిస్తే వాళ్లు సొంతంగా చదవరన్న భయం కూడా ఉంది. వినడంతోనే ఆపేస్తే ఆ భయం నిజమవుతుంది. అందుకే బడిలోనైనా శాఖా గ్రంథాలయంలోనైనా కథా సమయాన్ని ఎంతమంది విన్నారన్న లెక్కతో కొలవకూడదు. విన్నవారిలో ఎందరు తర్వాతి పేజీ తామే చదివారో, ఎందరు కథ మీద తమ మాట చెప్పారో చూడాలి.