అరిగే పలక, తెగని తగవు: క్లచ్‌కూ వారంటీకీ మధ్య నూరేళ్ల చరిత్ర

కారులో ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. చక్రాలు మాత్రం పదే పదే ఆగాలి, మళ్లీ కదలాలి. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే భాగమే క్లచ్. ఇంజనుకు బిగించిన బరువైన ఫ్లైవీల్‌కూ, స్ప్రింగు బలంతో దాని మీదికి నొక్కే ప్రెషర్ ప్లేటుకూ నడుమ, ఇరువైపులా రాపిడి పొర కలిగిన ఒక గుండ్రని పలక ఉంటుంది. దానినే క్లచ్ ప్లేటు అంటారు. పెడల్ తొక్కినప్పుడు ఈ పలక మీది పట్టు సడలి ఇంజను నుంచి గేరుబాక్సుకు శక్తి అందడం ఆగుతుంది; పెడల్‌ను మెల్లగా వదిలేటప్పుడు పలక కొద్దిసేపు జారుతూ, వేడెక్కుతూ, చివరకు ఫ్లైవీల్‌తో సమానంగా తిరుగుతుంది. ఆ కొద్దిసేపటి జారుడే బండిని కుదుపు లేకుండా కదిలిస్తుంది, ఆ జారుడే పలకను అరగదీస్తుంది కూడా. కాబట్టి అరగడం క్లచ్‌కు లోపం కాదు, స్వభావం. అయితే ఏళ్ల తరబడి మన్నవలసిన పలక కొన్ని నెలలకే అరిగిపోతే ఆ నష్టం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఆ మార్పును అర్థం చేసుకోవాలంటే యంత్రం చరిత్రనూ చట్టం చరిత్రనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో నేటి అర్థంలో క్లచ్ లేదు. తోలు పట్టీని ఒక కప్పీ మీది నుంచి మరో కప్పీ మీదికి జరపడం ద్వారానే శక్తిని కలపడం, విడదీయడం జరిగేది. ఆ తరువాతి కాలపు కార్లలో శంఖాకారపు క్లచ్ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఫ్లైవీల్ లోపలి ఏటవాలు గుంటలో, తోలు తొడిగిన శంకువు వచ్చి బిగుసుకోవడం దాని పనితీరు. తోలు ఎండి బిరుసెక్కితే బండి గుంజుకుంటూ కదిలేది. అందువల్ల డ్రైవరు దానికి తరచుగా నూనె పట్టించి మెత్తబరచవలసి వచ్చేది. నూనె ఎక్కువై జారితే ముల్తానీ మట్టి వంటి, జిడ్డును పీల్చే పొడి చల్లవలసి వచ్చేది. ఈ వివరం చిన్నదే అయినా వివాదానికి మూలం ఇందులోనే ఉంది. క్లచ్ ఎంతకాలం మన్నుతుందన్నది ఆనాడు నిజంగానే యజమాని శ్రద్ధ మీద, డ్రైవరు నైపుణ్యం మీద ఆధారపడింది కనుక, అరుగుదల భారాన్ని వాడుకదారు మోయడంలో అన్యాయమేమీ కనిపించలేదు.

రాపిడి పొర మారడంతో ఈ స్థితి మారింది. ఇంగ్లాండులోని డెర్బీషైర్ కొండదారుల్లో గుర్రపు బండ్లవారు బ్రేకు దిమ్మెలకు పాత బూట్ల తోలు కొట్టి బండ్లను నిలువరించడం గమనించిన హెర్బర్ట్ ఫ్రూడ్, 1897లో మెరుగైన రాపిడి పదార్థం కోసం ప్రయోగాలు ప్రారంభించాడు. ఆయన స్థాపించిన ఫెరోడో సంస్థ 1908 నాటికి ఆస్బెస్టాస్ అనే, వేడిని తట్టుకునే ఖనిజపు నారతో పొరలు తయారు చేసింది. దాదాపు అదే కాలంలో అమెరికాలో బోర్గ్ అండ్ బెక్ సంస్థ పేరుతో ముడిపడిన ఒంటి పలక క్లచ్ ప్రచారంలోకి వచ్చి, క్రమంగా శంఖాకారపు క్లచ్‌ను తొలగించింది. 1965లో జర్మనీలో ఏర్పడిన లుక్ సంస్థ, చుట్టూ అమర్చే అనేక స్ప్రింగులకు బదులు ఒకే పళ్లెం ఆకారపు డయాఫ్రమ్ స్ప్రింగు గల క్లచ్‌ను ఐరోపా కార్లలోకి తెచ్చింది. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమని తేలి, 1999లో బ్రిటన్ దానిని నిషేధించగా, గాజు నార వంటి ఇతర పదార్థాలు ఆ చోటును ఆక్రమించాయి. ఈ ప్రగతి అంతటి ఫలితంగా క్లచ్‌కు నూనె పట్టించే పని, పొడి చల్లే పని పోయాయి. దానితో పాటు క్లచ్‌ను కంటితో చూసే అవకాశం కూడా పోయింది. నేటి కారులో క్లచ్ ప్లేటును చూడాలంటే గేరుబాక్సును దించాలి. వాడుకదారు చేతిలో మిగిలింది పెడల్ ఒక్కటే.

వారంటీ చరిత్ర ఇందుకు సమాంతరంగా, అయితే ఆలస్యంగా నడిచింది. వారంటీ అంటే అమ్మిన వస్తువులో పదార్థ లోపం గాని పనితనపు లోపం గాని బయటపడితే దానిని సరిచేస్తామని తయారీదారు ఇచ్చే హామీ. అమెరికా కార్ల తయారీదారుల సంఘం రూపొందించిన ఉమ్మడి వారంటీ పత్రం చాలాకాలం పాటు 90 రోజులకు లేదా 4,000 మైళ్లకు, వీటిలో ఏది ముందైతే దానికి పరిమితమై, మిగిలిన బాధ్యతలన్నిటినీ తోసిపుచ్చేది. 1960లో న్యూజెర్సీ సర్వోన్నత న్యాయస్థానం, కొన్న కొద్ది రోజులకే స్టీరింగు విఫలమైన ఒక కారు వ్యాజ్యంలో, బేరమాడే శక్తి లేని కొనుగోలుదారు మీద ఇటువంటి షరతులు రుద్దడం చెల్లదని తీర్పు ఇచ్చింది. 1963 నమూనాలకు క్రైస్లర్ సంస్థ ఇంజను, గేరుబాక్సు వంటి భాగాల మీద అయిదేళ్ల లేదా 50,000 మైళ్ల వారంటీ ప్రకటించడంతో హామీ కాలం పోటీ వస్తువుగా మారింది. కాలం పెరిగినా, బ్రేకు పొరలు, వైపరు రబ్బర్లు, క్లచ్ పొరలు వంటి వాటిని సహజ అరుగుదల పేరిట మినహాయించే పద్ధతి మాత్రం వారంటీ పత్రాల్లో నిలిచిపోయింది.

క్లచ్ గురించే నేరుగా నడిచిన ఒక వ్యాజ్యం 1965లో ఇంగ్లాండు అప్పీలు న్యాయస్థానం ముందుకు వచ్చింది. ఒక పాత కారు క్లచ్‌లో కొంత దోషం ఉందని అమ్మకందారు ముందే చెప్పి, బాగుచేసి ఇస్తే 975 పౌండ్లు, ఉన్నది ఉన్నట్లు తీసుకుంటే 950 పౌండ్లు అని చెప్పగా, కొనుగోలుదారు రెండవ పద్ధతినే ఎంచుకున్నాడు. సుమారు 300 మైళ్లు నడిపిన తరువాత మరమ్మతుకు 84 పౌండ్లు ఖర్చయింది. పాత కారు కొనేవాడు ఎప్పుడో ఒకప్పుడు లోపాలు బయటపడతాయని ఊహించవలసిందేనని, నడవడానికి యోగ్యంగా ఉన్నంత వరకు అది అమ్మదగిన వస్తువేనని న్యాయమూర్తి లార్డ్ డెన్నింగ్ తేల్చాడు. ఈ తీర్పు పాత కారుకు, అందులోనూ దోషం తెలిసి కొన్న కారుకు సంబంధించినదన్న సంగతిని మరువరాదు. కొత్త వస్తువుల విషయంలో బ్రిటన్ చట్టం ఎదురు దిశలో సాగింది: మన్నిక అనేది వస్తువు నాణ్యతలో ఒక అంశమని 1994 నాటి సవరణ స్పష్టంగా చెప్పింది, వస్తువు అందిన ఆరు నెలల లోపు దోషం కనిపిస్తే, సాధారణంగా అది మొదటి నుంచీ ఉన్నట్లే భావించి, కాదని నిరూపించే భారాన్ని 2015 చట్టం అమ్మకందారు మీద ఉంచింది.

భారతదేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇంగ్లాండు చట్టపు ఒరవడిలోనే పుట్టింది. అమ్మిన వస్తువు నాణ్యత గురించి అమ్మకందారుకు సాధారణంగా బాధ్యత ఉండదంటూ మొదలై, ఆ నియమానికి మినహాయింపులు చెప్పే 16వ సెక్షన్ అందులోనిదే. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సామాన్య కొనుగోలుదారుకు సివిలు కోర్టు బయట ఒక వేదికను కల్పించడమే కాక, పరీక్ష లేనిదే దోషం తేలని సందర్భంలో వస్తువును ప్రయోగశాలకు పంపే విధానాన్ని కూడా ఏర్పరచింది. 2006లో మారుతీ ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు, వారంటీ ప్రకారం సంస్థ బాధ్యత దోషమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమని, మొత్తం కారును మార్చి ఇవ్వమనడం తగదని చెప్పింది. 2019 నాటి కొత్త చట్టం వస్తువు వల్ల కలిగే హానికి తయారీదారు బాధ్యతను ప్రత్యేక అధ్యాయంగా చేర్చి, అన్యాయమైన ఒప్పందపు షరతులను రద్దు చేసే అధికారాన్ని రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్లకు ఇచ్చింది.

చట్టం ఇంత దూరం వచ్చినా, అరిగిన పలక ఏమి చెబుతుందో చదవగల విద్య మాత్రం న్యాయస్థానాల్లో కాక మరమ్మతు షెడ్లలోనే పెరిగింది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత పొరను ఊడదీసి, రివెట్లతో కొత్త పొర బిగించే రీలైనింగు పని చేసినవారికి ఈ గుర్తులు సుపరిచితం. పెడల్ మీద కాలు ఆనించి నడపడం, ఎత్తు మీద బ్రేకుకు బదులు హాఫ్ క్లచ్‌తో, అంటే పెడల్‌ను సగం మాత్రమే వదిలి, బండిని నిలపడం వంటి అలవాట్ల వల్ల పొర ఇరువైపులా దాదాపు సమంగా అరిగి, మాడిన వాసనతో, ఫ్లైవీల్ మీద వేడికి ఏర్పడిన నీలి మచ్చలతో బయటపడుతుంది. ఇంజను వెనుక ఆయిల్ సీలు కారితే పొర జిడ్డుతో నల్లబడి ఉంటుంది. ఇది డ్రైవరు తప్పు కాదు. డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్లు విరిగినా, ప్రెషర్ ప్లేటు వంకరపోయి పొర ఒక పక్కనే అరిగినా, రివెట్లు ఊడి పొర విడిపోయినా అనుమానం తయారీ వైపే మళ్లాలి. నీలి మచ్చలు కూడా ఒక్కోసారి సర్దుబాటు సరిగా లేక పలక పూర్తిగా బిగుసుకోని క్లచ్‌లోనూ రావచ్చు గనుక, ఒక్క గుర్తుతో తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఈ చరిత్రను బట్టి తేలే విషయం ఒకటే. వారంటీ పత్రం మినహాయించేది సహజ అరుగుదలను మాత్రమే, అరుగుదలనంతటినీ కాదు. అకాలంలో జరిగిన అరుగుదల సహజమో కాదో పరీక్షించకుండానే క్లచ్‌కు వారంటీ వర్తించదని తిప్పి పంపడం ఆ పత్రాన్నే తప్పుగా చదవడం అవుతుంది. తోలు క్లచ్ కాలంలో భారం వాడుకదారు మీద ఉండడానికి కారణం దానిని చూసే వీలు, కాపాడే వీలు అతనికి ఉండడమే. ఆ వీలు ఇప్పుడు తయారీదారుకూ, అతని అధీకృత సర్వీసు కేంద్రానికీ మాత్రమే ఉన్నందున, తొలి సంవత్సరంలో క్లచ్ అరిగిపోతే కారణాన్ని నిరూపించే భారం కూడా వారిదే కావాలి. దుర్వినియోగం తేలితే ఖర్చు యజమాని భరించాలి. తేలకపోతే సంస్థ భరించాలి. ఈ నియమం పత్రాల్లోకి ఎక్కేదాకా, క్లచ్ మార్పించుకునే ప్రతి యజమానీ పాత పలకను, ప్రెషర్ ప్లేటును, రాతపూర్వకమైన పరీక్ష నివేదికను అడిగి తీసుకుని భద్రపరచుకోవడం అవసరం. వినియోగదారుల కమిషన్ ముందు అతని పక్షాన నిలిచే ప్రధాన సాక్ష్యం అరిగిన ఆ పలకే.