మునిగిన లోయ, మిగిలిన నమూనా

మాది పల్నాడు అనగానే ఆఫీసులో ఎవరైనా సరే టక్కున అందుకునేవి మూడే: బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం. (సినిమాలు ఎక్కువ చూసేవాళ్ళైతే నాటుబాంబులు కూడా కలుపుతారు, అది వేరే సంగతి.) ఆ యుద్ధం 12వ శతాబ్దపు ముచ్చట. దానికి తొమ్మిది వందల ఏళ్ళ ముందే మన మాచర్ల దగ్గర్లో, కృష్ణ ఒడ్డున విజయపురి అని ఒక రాజధాని ఉండేదని, ఇక్ష్వాకు రాజులు అక్కడినుంచే ఏలారని చెప్తే, "అదెక్కడబ్బా?" అంటారు. నాగార్జునసాగర్ డ్యామ్ తెలుసుగా, దాని నీళ్ళ కిందే ఉంది.

అసలు దాని జాడ బయటపడిందే 1926లో. సూరపరాజు వెంకట్రామయ్య అనే స్థానిక బడిపంతులుగారు ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేస్తే, మద్రాసు శాసనాల శాఖ నుంచి సరస్వతి గారనే తెలుగు అసిస్టెంటు వచ్చి చూసి ఇది మామూలు చోటు కాదని పసిగట్టారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొంత తవ్వారు. ఇంకో యాభై ఏళ్ళు తీరిగ్గా తవ్వుకునే పనే కానీ, ఈలోగా డ్యామ్ ఖాయమైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు.

ఇక అక్కణ్ణుంచి మనందరికీ బాగా తెలిసిన వ్యవహారమే: కదలని డెడ్‌లైన్, పెరిగిపోయే స్కోపు. ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం 1954 నుంచి 1960 వరకు ఆ లోయలో పాతరాతియుగం పనిముట్ల దగ్గర్నుంచి మధ్యయుగపు గుళ్ళ దాకా తవ్వుతూ, కొలుస్తూ, ఫోటోలు తీస్తూ పోయింది. తొమ్మిది కట్టడాల్ని విప్పి పైన కొండమీద మళ్ళీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు మనం లాంచీలో వెళ్ళే ద్వీపం. మెట్ల ప్రేక్షకశాల లాంటి మరికొన్నిటిని కుడి ఒడ్డున అనుపులో పెట్టారు. గుళ్ళని నీళ్ళనుంచి కాపాడ్డం అంటే అందరూ ఈజిప్టులోని అబూ సింబెల్ పేరే చెప్తారు. దాన్ని కదిలించింది 1964-68 మధ్య. మనవాళ్ళు అంతకు పదేళ్ళ ముందే పలుగూ పారా పట్టుకుని ఈ లోయలో దిగారు. ఈ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చు.

సరే, అసలు నేను చెప్పదలుచుకుంది వీటి గురించి కాదు, మ్యూజియంలో ఉన్న నమూనా గురించి. ద్వీపం మీది మ్యూజియంలో మునిగిపోయిన కట్టడాల చిన్న చిన్న నమూనాలు ఉన్నాయి. వాటితోపాటు మొత్తం లోయనంతా స్కేలు ప్రకారం కుదించి చేసిన పెద్ద నమూనా ఒకటుంది. మూడు వైపులా కొండలు, నాలుగోవైపు కృష్ణ, మధ్యలో ఏ కట్టడం ఎక్కడుండేదో అన్నీ. జనం బుద్ధుడి విగ్రహాల దగ్గర ఫోటోలు దిగి దీన్ని దాటేసి వెళ్ళిపోతారు. "బొమ్మలు చూడ్డానికి ఇంత దూరం రావాలా, అసలువి బయట ఉన్నాయిగా" అని నాతో వచ్చిన మిత్రుడొకడు అన్నాడు కూడా.

బయట ఉన్నవి అసలు రాళ్ళే, కాదనను. కానీ అక్కడి స్నానఘట్టం చూడండి. చక్కటి రాతి మెట్లు, పద్ధతిగా మళ్ళీ పేర్చారు. ఘట్టం అంటే నదిలోకి దిగేది కదా, అది కొండమీద ఉంది! రాయి పోలేదు, చోటు పోయింది. నమూనాలో రాయి అసలుది కాదు, కానీ చోటు ఉంది. కోట నుంచి నదికి ఎంత దూరం, రాజుగారు అశ్వమేధం చేసిన చోటికీ బౌద్ధ విహారాలకీ మధ్య ఎంత నడక, గుళ్ళన్నీ ఒడ్డునే ఎందుకు గుమిగూడాయి.. ఇవి తెలిసేది అక్కడే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ బోధిశ్రీ శాసనం. బోధిశ్రీ రాణి కాదు, ఒక ఉపాసిక. శ్రీపర్వతం మీద, విజయపురికి తూర్పు దిక్కున, చుళధమ్మగిరి విహారంలో చైత్యగృహం కట్టించానని రాయించింది. సింహళ భిక్షువుల కోసం కట్టించిన ఆ శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, తోసలి ఇలా ఎన్నో దేశాల పేర్లున్నాయి. కంటకసేలలో, అంటే మన కృష్ణా జిల్లా ఘంటసాలలో, తను చేయించిన పని కూడా చెప్పుకుంది. అంత లోకం తెలిసిన మనిషి తన గుడికి అడ్రసు రాసింది మాత్రం "ఊరికి తూర్పున" అని! పదిహేడు వందల ఏళ్ళనాటి ఆ అడ్రసు పట్టుకుని ఇప్పుడు వెతకాలంటే, ఊరూ లేదు, తూర్పూ లేదు. ఆ నమూనా ముందు నిలబడి విజయపురి మీద ఒక వేలు, ఆ గుట్ట మీద ఒక వేలు పెట్టి చూసుకోవాల్సిందే. (నిజంగా వేలు పెట్టకండి, తిడతారు.)

ఇక ఫోటోల దారి వేరు. లాంగ్‌హర్స్ట్ పుస్తకం 1938లో అచ్చయింది, అందులో తవ్వకాల ఫోటోలున్నాయి. మహాచైత్యం వ్యాసం 106 అడుగులు. పునాది బండిచక్రంలా ఉంటుంది: మధ్యలో కుండ, చుట్టూ ఆకులు, ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపి, దాని మీద గుమ్మటం. కట్టినకాలంలో ప్రదక్షిణ చేసిన భక్తుడికి ఈ చక్రం కనిపించే అవకాశమే లేదు, అదంతా గుమ్మటం లోపల కదా. శిథిలం అయ్యాకే, తవ్వాకే అది బయటపడింది. అంటే గుమ్మటం నిలిచి ఉన్న రోజుల్లో రాజుగారికి కూడా కనపడనిది మనకి ఫోటోలో కనిపిస్తోందన్నమాట.

నమూనాలంటే చిన్నచూపు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అమరావతి స్తూపం రాళ్ళని ఒకప్పుడు సున్నానికి కాల్చుకున్నారు. (పిడుగురాళ్ళ పక్కన పెరిగినవాడికి సున్నపురాయి విలువ వేరే చెప్పాలా!) అక్కడ మిగిలింది మట్టిదిబ్బ, 1816-17లో మెకంజీ మనుషులు గీసిన బొమ్మలు, మద్రాసుకీ లండన్‌కీ పోయిన పలకలు. మరి స్తూపం ఎలా ఉండేదో మనకెలా తెలిసింది? ఆ స్తూపానికి తాపడం చేసిన పలకల మీదే శిల్పులు స్తూపం బొమ్మని చెక్కారు. గుమ్మటం, నాలుగు దిక్కులా అయిదేసి నిలిచిన ఆయక స్తంభాలు, సింహాలు, చుట్టూ ప్రాకారం, అన్నీ ఆ పలకంత చోట్లోనే. నాగార్జునకొండలోనూ అలాంటి పలకలున్నాయి. చెక్కినవాళ్ళు బ్యాకప్ అనుకుని చెక్కి ఉండరు. కానీ ఇవాళ పుస్తకాల్లో మనం చూసే స్తూపం ఊహాచిత్రాలు చాలావరకు ఆ పలకల పుణ్యమే.

ఇదంతా చదివి "డ్యామ్ కట్టకుండా ఉండాల్సింది" అని నేనంటున్నాననుకోకండి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలాక కుడికాలువ కింద మా పేట చుట్టుపక్కల జరిగిన మార్పు మా ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసు. నేను తిన్న అన్నం, చదివిన ఇంజనీరింగు రెండూ ఆ నీళ్ళవే. అందుకే ఆ నమూనా ముందు కొంచెం ఇబ్బందిగా కూడా ఉంటుంది.

ఇంకోటి. అందులో ఇక్ష్వాకుల లోయే ఉంది. కానీ సుబ్రహ్మణ్యం గారు తవ్వేనాటికి అక్కడ మనుషులుండేవాళ్ళు, పుల్లారెడ్డిగూడెం అని ఊరుండేది. తవ్వకాల్లో మట్టి మోసిన కూలీల్లో ఆ లోయవాళ్ళూ ఉండే ఉంటారు. రాజుల స్నానఘట్టానికి కొండమీద చోటు దొరికింది, గూడెం రచ్చబండకి దొరకలేదు. మీవాళ్ళు గనక ఆ లోయలోంచి లేచివచ్చినవాళ్ళైతే, ట్రంకుపెట్టెలో అప్పటి ఫోటో ఒక్కటి, పెళ్ళిదైనా సరే, ఉందేమో అడగండి. వెనకాల గోడో, చెట్టో, గుట్టో కనపడితే చాలు. స్కాన్ చేసి, అది లోయలో ఏ వైపుదో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే రాసి పెట్టుకోండి.