ఎత్తు నుంచి దూరానికి: నాగావళి, వంశధార తీరాలలో ఇంటి చోటు నియమాలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పెద్ద నదులు తూర్పు కనుమలలో పుట్టి, ఎక్కువ దూరం సాగకుండానే సముద్రాన్ని చేరుతాయి. ఒడిశాలోని కలహండి ప్రాంతపు కొండల నుంచి దిగే నాగావళి సుమారు 256 కిలోమీటర్లు ప్రవహించి శ్రీకాకుళం పట్టణం దాటాక కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది; దాదాపు అంతే పొడవున్న వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రగిరి నుంచి వచ్చే మహేంద్రతనయ బారువ దగ్గర, విజయనగరం వైపు చంపావతి కోనాడ దగ్గర కలుస్తాయి. వాలు ఎక్కువ, దారి తక్కువ కాబట్టి ఈ నదుల వరద గోదావరి వరదలా రోజుల తరబడి మెల్లగా పెరగదు; కొండల మీద రాత్రి కురిసిన వాన తెల్లవారేసరికి ఊళ్ల అంచులకు చేరుతుంది, వచ్చినంత వేగంగానే తీసేస్తుంది. 1980 సెప్టెంబరులో ఒడిశాలోని గుణుపురాన్ని ముంచెత్తిన వంశధార వరద అటువంటిదే. దీనికి తుపాను తోడవుతుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. అంటే వరి పొట్ట మీద ఉన్న రోజులలోనే గాలీ నీరూ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఇటువంటి చోట ఇల్లు ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి అన్న ప్రశ్నకు గ్రామాచారం ఇచ్చిన జవాబు ఒకటి, గత నూటనలభై ఏళ్లలో చట్టం ఇచ్చిన జవాబు మరొకటి. ఆచారం ఎత్తును చూసింది, చట్టం దూరాన్ని కొలిచింది.

ఆచారం ఏ కాగితం మీదా లేదు; అది నేల పేర్లలో ఉంది. ఉత్తరాంధ్ర రైతు నేలను సారాన్ని బట్టి మాత్రమే కాక నీటి రాకపోకలను బట్టి కూడా విడదీసి పిలుస్తాడు. కొండ నుంచి దిగే చిన్న ప్రవాహం గెడ్డ, పశువులు దిగే చిన్న నీటిగుంట బంద, నీరు ఎక్కని ఎత్తు నేల మెట్ట, నీరు దిగి నిలిచే వరిపొలం పల్లం. తీరం దగ్గర వాననీరు సముద్రంలోకి పోలేక నెలల తరబడి నిలిచే లోతట్టు చిత్తడిని తంపర అనీ, సోంపేట వైపు బీల అనీ అంటారు. ఊరి ఇళ్లు నిలిచిన నేలకు గ్రామకంఠం అని పేరు; రెవెన్యూ లెక్కల్లో ఇది పన్ను వేయని, సాగుకు చెందని నివాస స్థలం. తరాల తరబడి కూలిన మట్టిగోడల మీదే మళ్లీ గోడలు లేవడం వల్ల చాలా పాత ఊళ్లలో గ్రామకంఠం చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తుగా దిబ్బలా కనిపిస్తుంది. పల్లంలో పంట, దిబ్బ మీద ఇల్లు, తంపరలో చేపలూ గడ్డీ పశువుల మేతా అన్న ఈ పంపకాన్ని ఎవరూ శాసనంగా రాయలేదు. రాయవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే నేల పేరు పలికితేనే అక్కడ ఇల్లు కట్టవచ్చునో కాదో తెలిసిపోతుంది.

ఈ నియమం ఎందుకంత గట్టిగా నిలిచిందో ఇంటి కట్టుబడిని చూస్తే అర్థమవుతుంది. ఈ తీరపు పల్లెలకు గుర్తుగా నిలిచిన చుట్టిల్లు గుండ్రని మట్టిగోడల మీద శంఖువు ఆకారపు తాటాకు కప్పు వేసిన ఇల్లు. దాని చూరు మనిషి వంగి లోపలికి పోవలసినంత కిందికి దిగుతుంది. గుండ్రని గోడకు గాలి నేరుగా తగిలే చదును ముఖం ఉండదు, వాలుగా దిగిన కప్పు కిందికి గాలి దూరి దాన్ని లేపడానికి సందు చిక్కదు, కాబట్టి తుపాను గాలి ఇంటిని చుట్టుకుని పక్కకు తప్పుకుపోతుంది. గాలిని ఇంత నేర్పుగా తట్టుకునే ఈ ఇల్లు నీటి ముందు మాత్రం నిస్సహాయం. అడుగున కొన్ని గంటలు నీరు నిలిస్తే మట్టిగోడ నాని కూర్చుంటుంది. గాలికి ఆకారమూ, నీటికి ఎత్తూ జవాబులు. రెండవది లేకపోతే మొదటిది వృథా. చుట్టింటిని తుపానుకు తట్టుకునే కట్టడంగా మెచ్చుకునేవారు తరచుగా ఆకారం గురించే రాస్తారు గానీ, అది నిలిచిన దిబ్బను మరిచిపోతారు.

పెద్ద కట్టడాలలోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. వంశధార ఒడ్డున శాలిహుండంలో బౌద్ధులు స్తూపాలనూ చైత్యాలనూ నదికి ఎదురుగా ఉన్న కొండ మీద కట్టారు. పాత శాస్త్రంలోనూ ఈ జాగ్రత్త ఉంది: నదీతీర గ్రామాల వారు వానకాలంలో వరద అందే ఒడ్డును విడిచి ఉండాలనీ, కర్రలూ వెదుళ్లూ పడవలూ సిద్ధంగా పెట్టుకోవాలనీ కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విధించాడు. ఒడ్డున ఉండవద్దని ఆయన అనలేదు, వరద వేళకు లేచిపొమ్మన్నాడు. ఈ తేడా చిన్నది కాదు.

ఈ ప్రాంతంలో రాతపూర్వక చట్టాలు బ్రిటిష్ పాలనతో మొదలయ్యాయి, అయితే వాటి దృష్టి ఇంట్లో ఉండే మనిషి మీద కాక నేల హక్కు మీదా, నదీ మార్గం మీదా ఉండేది. 1884 నాటి మద్రాసు నదుల పరిరక్షణ చట్టం ప్రభుత్వం ప్రకటించిన నదులకు హద్దులు కొలిపించి, ఆ హద్దుల లోపల అనుమతి లేకుండా కట్టడాలు కట్టడాన్నీ చెట్లు నాటడాన్నీ అదుపు చేసింది. 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం నదులు, చెరువులు, కాలువల గర్భాలూ గట్లూ ప్రభుత్వ ఆస్తి అని చెబుతూనే, జమీందారుల ఆస్తిగా ఉన్న వాటిని ఆ మాట నుంచి మినహాయించింది. మిగతా మద్రాసు ప్రెసిడెన్సీలో చిన్న మినహాయింపుగా కనిపించే ఈ వాక్యం ఇక్కడ దాదాపు నియమమే అయింది. 1802 శాశ్వత శిస్తు నిర్ణయం తర్వాత విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాలు ఈ నేలలో అధిక భాగాన్ని ఏలాయి, చెరువు గట్టు తెగినా గెడ్డ పూడినా అడగవలసింది కలెక్టరును కాదు, జమీందారును. ఆ విధంగా ఒకే నది ఒక ఒడ్డున ఒక చట్టం కిందా, మరో ఒడ్డున సంస్థానపు ఆనవాయితీ కిందా ప్రవహించగలిగింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఈ నీటి నేలలు ప్రభుత్వానికి వచ్చి, పోరంబోకు, అంటే పన్ను వేయని ఉమ్మడి నేల, అన్న ఒక్క పద్దు కింద చేరాయి. గెడ్డ, బంద, తంపర అన్న మాటల మధ్య ఉన్న తేడాను ఆ ఒక్క పద్దు చెరిపేసింది. ఈ ప్రాంతపు ముంపు చరిత్రలో ఇంత నష్టం చేసిన మరో గుమాస్తా పని లేదేమో.

దూరాన్ని మీటర్లలో చెప్పే నియమాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. 2012 ఏప్రిల్ 7న వెలువడిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం నది అంచు నుంచి పట్టణ పరిమితులలో 50 మీటర్లు, వాటి వెలుపల 100 మీటర్లు ఖాళీగా వదలవలసి ఉండేది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టపు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువు నుంచి 9 మీటర్లు, పది మీటర్లకు మించి వెడల్పున్న కాలువ లేదా వాగు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నని దాని నుంచి 2 మీటర్లు వదలవలసి ఉండేది. గెడ్డలు ఈ చివరి రెండు తరగతులలోకే వచ్చాయి. వేసవిలో అడుగు నీరు లేని గెడ్డ అక్టోబరులో పొలాలను కప్పుకుంటూ పారుతుంది కాబట్టి, ఏ నెలలో వెడల్పు కొలిచారన్నదాన్ని బట్టి రెండు మీటర్లా తొమ్మిది మీటర్లా అన్నది తేలే ప్రమాదం ఉండేది.

సముద్రం వైపు 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన పోటు రేఖ, అంటే పోటు నీరు అత్యధికంగా చేరే హద్దు, నుంచి 500 మీటర్ల మేర నేలను నియంత్రణలోకి తెచ్చి, గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలను నిషేధించింది. రాష్ట్రంలోకెల్లా పొడవైన, సుమారు 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లాలో ఆ 200 మీటర్లు మత్స్యకారుల పేటలూ పాలేలూ ఉన్న చోటే. 2011 ప్రకటన 100 నుంచి 200 మీటర్ల మధ్య వారి ఇళ్లకు చోటిచ్చింది. 2019 ప్రకటన జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన చోట నిషేధ మేరను 50 మీటర్లకు తగ్గించింది.

తంపరల విషయంలో ఆచారమూ అభివృద్ధీ నేరుగా ఢీకొన్నాయి. సోంపేట బీలలో తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని అక్కడి రైతులూ మత్స్యకారులూ వ్యతిరేకించగా, 2010 జులై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న నౌపడ తంపరల దగ్గరి కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి. కాగితం మీద పనికిరాని నేలగా కనిపించినది ఊరివారికి వాననీటిని ఆపి పట్టే పాత్ర, కూడు పెట్టే నేల కూడా.

ఏ నేల ఎన్నేళ్లకొకసారి మునుగుతుందో పటం గీసి, తరచుగా మునిగే చోట మైదానాలకూ తోటలకూ మాత్రమే అనుమతినిచ్చి, ఇళ్లనూ ఆసుపత్రులనూ వరదమట్టానికి పైకి తీసుకుపోయే పద్ధతిని వరద మైదానాల విభజన అంటారు. పాత గ్రామాచారానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే ఆధునిక నియమం ఇదే. దీనికి కేంద్ర జలసంఘం 1975లోనే నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. మణిపుర్, రాజస్థాన్ వంటి కొన్ని రాష్ట్రాలు తప్ప చాలా రాష్ట్రాలు దాన్ని చట్టంగా చేయలేదు. ఎత్తు గురించి నేటి కట్టడాలకు మిగిలింది జాతీయ భవన నిర్మాణ స్మృతిలోని ఒక్క వాక్యం: ఇంటి పునాది అరుగు చుట్టుపక్కల నేల కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలి. ఆ కొలత పక్క నేల నుంచే గానీ నది వరదమట్టం నుంచి కాదు. మెట్ట మీద కట్టినా పల్లంలో కట్టినా అదే 45 సెంటీమీటర్లు.