ఆఖరిసారి పాలు ఎప్పుడు?

రాత్రి రెండుంపావు. పెద్దాపురంలో మీ అత్తగారిల్లు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది, ఉక్కకి మీకు మెలకువ వస్తుంది. పాప మాత్రం కదలడం లేదు, ఏడవడం లేదు. పుట్టి నాలుగో రోజు.

సెల్‌ఫోను లైటు వేస్తారు. మీ ఆవిడ కళ్లు తెరవకుండానే అంటుంది: "పన్నెండింటికి అమ్మ పట్టిందిగా?"

అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంటారు. "నేనెక్కడ పట్టానే? నువ్వే పక్కలో వేసుకున్నావనుకున్నా."

ఇద్దరూ మీ వైపు చూస్తారు. మీరూ వాళ్లలో ఎవరో ఒకరు పట్టారనే అనుకున్నారు. వంటింట్లోకి వెళ్లి మూత తీస్తారు. ఉగ్గుగిన్నెలో పిండిపెట్టిన పాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

గోడ మీద పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి తగిలించి ఉంది. నిన్న ఆశా వర్కర్ వచ్చినప్పుడు గీయించిన గళ్లు: టైము, పాలు, తడి, మోషన్, ఎవరు చూశారు. లైటు దాని మీదకి తిప్పుతారు. చివరి వరస: 9.10, పాలు, అత్తయ్య. కింద ఖాళీ. అంటే ఐదు గంటలు. ఈ వయసులో రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగాలి. మూడు గంటలు దాటితే నిద్ర లేపైనా పట్టాలి.

వేలు 'తడి' గడి మీదకి జరుపుతారు. రోజంతటికీ రెండే. నాలుగో రోజు కనీసం నాలుగు ఉండాలి. సాయంత్రం గీత పక్కన మీ ఆవిడ చేతిరాత: ఎర్రమరక. అది రక్తం కాదు. మూత్రం చిక్కబడితే గుడ్డ మీద ఇటుక రంగులో అలా తేలుతుంది. మొదటి రెండు రోజుల్లో పెద్దగా పట్టించుకోరు. నాలుగో రోజు కనిపించిందంటే పాలు చాలడం లేదేమో చూసుకోవాలి. మరక ఒకరు చూశారు, పాలు ఒకరు పట్టారు, నిద్ర ఇంకొకరు చూసి మురిసిపోయారు. మూడూ కలిపి చదివింది మాత్రం ఇప్పుడే.

"పడుకున్న పిల్లని లేపకు బాబూ," అంటారు అత్తయ్య.

లేపుతారా, ఆగుతారా?

పొత్తిగుడ్డ విప్పుతారు. అరికాళ్లు రుద్దుతారు. కళ్లు తెరవదు. తల్లి రొమ్ముకి ఆనిస్తారు. రెండు గుక్కలు. వదిలేసింది. మళ్లీ ఆనిస్తారు. నోరు తెరవడం లేదు.

ఊపిరి లెక్కపెడతారు. పసివాళ్ల ఊపిరి ఒక తీరున ఉండదు, అందుకే నిమిషం పూర్తిగా. యాభై నాలుగు. అరవైకి చేరితే ప్రమాదం. చంకలో థర్మామీటరు. 36.6. జ్వరం లేదు. చల్లబడనూ లేదు.

ఛాతీ మీద వేలితో నొక్కి తీస్తారు. పసుపు. పొట్ట. పసుపు. అరికాలు.

పసుపే.

"తెల్లారాక ఎండలో పెడదాం," అంటారు అత్తయ్య. ఎండ దీనికి వైద్యం కాదు. పాలు తాగని బిడ్డకి, అరికాళ్లదాకా పాకిన కామెర్లకి తెల్లారేదాకా గడువు లేదు.

108కి ఫోన్ చేస్తారు. పాపని తల్లి గుండెకి ఆనించి పైన దుప్పటి కప్పుతారు. కాగితం గోడ మీంచి లాగుతారు.

కాకినాడ ఆసుపత్రిలో నర్సు తలెత్తకుండానే అడుగుతుంది: "ఆఖరిసారి పాలు ఎప్పుడు? తడి ఎన్నిసార్లు?" కాగితం ఇస్తారు. ఒక్క చూపు చూసి బరువు తూస్తుంది, రక్తం తీస్తుంది. పాలు తగ్గితే మోషన్ తగ్గుతుంది, మోషన్‌తో పోవాల్సిన బిలిరుబిన్ ఒంట్లోనే పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ బిడ్డకి మత్తు, మత్తుకి పాలు ఇంకా తగ్గుతాయి. మరీ పెరిగితే మెదడుకే దెబ్బ.

నీలి దీపాల కింద రెండు రోజులు. గంటలు చూసుకుని ఉగ్గుగిన్నెతో పాలు.

ఇంటికొచ్చిన పొద్దున విటమిన్ డి చుక్కల సీసా చేతిలోకి తీసుకుంటారు. రోజుకి ఒక్కసారే వేయాలి, 400 యూనిట్లు. వేసేముందు గోడకి మళ్లీ తగిలించిన కాగితం వైపు చూస్తారు: 8.30, చుక్కలు, అత్తయ్య. సీసా మూత బిగించి పక్కన పెట్టేస్తారు.

ఏడో రోజు ఆశా వర్కర్ మళ్లీ వస్తుంది. ఆ తర్వాత 14, 21, 28, 42వ రోజుల్లో. పాపని చూపించే ముందు ఆ కాగితం ఆమె చేతికివ్వండి.