హైదరాబాదు రెండో భాష

హైదరాబాదు నిమ్స్ దవాఖానలో జ్ఞాపకశక్తి సమస్యల కోసం ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడిచేది. 2006 జూన్ నుంచి 2012 అక్టోబరు దాకా అక్కడికి వచ్చి, డిమెన్షియా ఉందని తేలిన 648 మంది వివరాలను నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. వయసు, చదువు, వృత్తి, ఉండేది పట్నమా పల్లెటూరా అన్నీ రాసుకున్నారు. వాటితోపాటు ఎన్ని భాషలు మాట్లాడతారో కూడా రాసుకున్నారు.

391 మందికి రెండు గాని, అంతకు మించి గాని భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్లలో జబ్బు సగటున 61 ఏళ్లకు బయటపడితే, వీళ్లలో 65 దాటాక బయటపడింది. అంటే తేడా నాలుగున్నరేళ్లు. మతి నిలకడగా ఉన్న నాలుగున్నరేళ్లంటే ఏమిటో, మరిచిపోతున్న అమ్మనో నాన్ననో కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇలాంటి ఫలితమే 2007లో కెనడాలోని టొరాంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందానికీ వచ్చింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. మేలు చేసింది భాషా, వలసలో రాటుదేలిన బతుకా అన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. ఇక్కడ రెండో భాష వీధిలోనే ఉంది, వందల ఏళ్లుగా ఉంది.

1591లో ఊరు కట్టకముందే గోల్కొండలో ఆ అలవాటు మొదలైంది. ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. వాళ్లు ఆయన్ని మల్కిభరాముడన్నారు. పొన్నెగంటి తెలగనార్యుడు తన అచ్చతెలుగు కావ్యాన్ని గోల్కొండ అధికారి అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. కుతుబ్ షాహీల ఫర్మానాలు కొన్ని పారసీలోనూ తెలుగులోనూ వెలువడ్డాయి. రెండు భాషలూ చదివేవాళ్లు కచేరీలో ఉంటే తప్ప ఆ పని సాగదు.

నిజాముల కాలంలో 1880ల్లో పారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. రైతుకు కచేరీలో, వకీలుకు కోర్టులో ఉర్దూ తప్పనిసరైంది. ఈ రెండో భాష అందరూ ఇష్టపడి నేర్చుకున్నది కాదు. 1921లో హైదరాబాదులో ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జన సంఘానికి పునాది. తెలుగు కోసం అంత పట్టుదల చూపిన తరం ఉర్దూను మాత్రం వదులుకోలేదు. గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి ఉర్దూ, పారసీ ఎరిగినవాడు. నిజాముకు ఎదురునిలిచి జైలుకెళ్లిన కవి దాశరథి ఉర్దూ కవి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చాడు.

బడి గడప తొక్కనివాళ్లకూ ఈ రెండో భాష దక్కింది. తెలుగులో మొదలైన బేరం ఉర్దూలో తెగడం ఇక్కడ మామూలే. నిమ్స్ పరిశోధనలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇక్కడే ఉంది. రెండు భాషలు మాట్లాడే నిరక్షరాస్యుల్లో జబ్బు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. మెదడుకు మేలు చదువు వల్లేనన్న వాదన ఇక్కడ చెల్లలేదు. ఒక మాటను పక్కనపెట్టి ఇంకో మాటను అందుకోవడంలో రోజూ జరిగే కసరత్తే కాపు కాస్తుందని పరిశోధకుల ఊహ. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు మేలేమీ కనబడలేదు.

దీన్ని మందుగా మాత్రం అమ్ముకోకూడదు. 2014లో వచ్చిన ఒక న్యూయార్క్ అధ్యయనం స్పానిష్ మాట్లాడే వృద్ధులను ఏళ్ల తరబడి గమనించింది. రెండు భాషలు వచ్చినంత మాత్రాన డిమెన్షియా తగ్గినట్టు అందులో తేలలేదు. హైదరాబాదు లెక్క కూడా దవాఖానకు వచ్చినవాళ్లదే, ఊరందరిదీ కాదు. అయినా అదే నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మందిని చూస్తే, రెండు భాషలవాళ్లలో నూటికి 40 మందికి మతి చెక్కుచెదరలేదు. ఒక భాషవాళ్లలో అలాంటివాళ్లు నూటికి 20 మందే.

ఈ నగరంలో ఇప్పుడు ఇళ్లలో పిల్లలతో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడే పెద్దలు పెరుగుతున్నారు. అవ్వ తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలోకి మళ్లితే సరిదిద్దకండి. ఆమె ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే జవాబు చెప్పండి, రానిచోట ఆమెనే అడిగి నేర్చుకోండి.