కుర్సీల కూసో

‘కూర్చుండు’ నుంచే ‘కుర్చీ’ పుట్టిందని చాలామంది నమ్మకం. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. నల్లగొండ జిల్లా హాలియా పలుకుబడినే సాక్ష్యం అడుగుదాం. అక్కడ ‘కుర్సీల కూసో’ అంటారు. ‘కూర్చో’ రేఫను పోగొట్టుకుని ‘కూసో’ అయింది. కుర్సీలో రేఫ చెక్కుచెదరలేదు, ‘కు’ పొట్టిగానే ఉంది. ఒక తల్లి బిడ్డలైతే అరుగుదలా ఒకేలా ఉండాలి. ఇది అరబ్బీ ‘కుర్సీ’. పారశీ, ఉర్దూల మీదుగా వచ్చింది. మరాఠీలో ఖుర్చీ, కన్నడంలో కుర్చి. నిజాం ఏలుబడిలోని నల్లగొండ సీమ ఆ ‘స’ను అలాగే అట్టిపెట్టుకుంది.

మహాగని చేతుల కుర్చీలు తెల్లదొరలవి కదా, మాట కూడా వాళ్లదే ఎందుకు కాలేదంటారా? మలయాళంలో అలాగే అయింది: ‘కసేర’ పోర్చుగీసు ‘కదెయిరా’. మనకు పేరు ముందే ఉంది, కొత్త సామాను అందులోనే ఒదిగింది. ఆ చేతుల కుర్చీల్లోనే ఫ్రెంచివాళ్లు చేతుల కింద ఖాళీ ఉంటే ‘ఫొతోయ్’ అంటారు, అక్కడా మెత్త కుట్టి మూసేస్తే ‘బెర్జేర్’. వాళ్ల రాజు పదిహేనో లూయీ నాటి కుర్చీ కాలు వంపు తిరుగుతుంది. పదహారో లూయీ నాటిది నిటారుగా దిగి సన్నబడుతుంది. ఇంగ్లండులో చిప్పెండేల్ అనే వడ్రంగి 1754లో ఏకంగా నమూనాల పుస్తకమే అచ్చేశాడు. ఇన్నిటికీ మనం ‘చేతుల కుర్చీ’ అనేస్తాం. అది మాటల కరువేమీ కాదు. వడ్రంగికి కావలసిన తేడాలు కూర్చునేవాడికి అక్కర్లేదు. అంత నాజూకు ‘ఫొతోయ్’ కూడా, పాత జర్మానిక్ మూలంలో, ఉత్త మడతపీటే.